మన జంత్రీలో సౌరకుటుంబం

రంజాన్ నెలలో మన ఇళ్ళలో ఒక వాదన తప్పకుండా వస్తుంది. హైదరాబాద్ సమయం ప్రకారం సహరీకి ఇంకా ఐదు నిమిషాలుందని ఫోను చూసి అబ్బాయి అంటాడు. మస్జిద్ మైకులో సమయం అయిపోయిందని ఎప్పుడో చెప్పేశారని అమ్మ అంటుంది. చివరి గుక్క నీళ్ళు తాగవచ్చా, కూడదా? పాల్వంచలో ఉన్నవారు ఈ చిక్కు విప్పుకోవడానికి పిల్లల భూగోళం పటం తెరిస్తే చాలు.

హైదరాబాద్ రేఖాంశం సుమారు 78.5 డిగ్రీలు, పాల్వంచది 80.7 డిగ్రీలు. అంటే పాల్వంచ 2.2 డిగ్రీలు తూర్పున ఉంది. భూమి తన చుట్టూ తాను 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కనుక ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు పడుతుంది. లెక్క కట్టండి, తేడా సుమారు 9 నిమిషాలు. రెండు ఊళ్ళూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి గనుక ఏడాది పొడవునా ఈ తేడా పెద్దగా మారదు. మన తూర్పున తెల్లవారిన 9 నిమిషాలకు గానీ హైదరాబాద్‌లో తెల్లవారదు. ఇక్కడ ఉండి హైదరాబాద్ సహరీ సమయాన్ని పాటించేవారు ఫజ్ర్ వేళ ప్రవేశించిన తర్వాత కూడా తింటున్నారన్నమాట. ఇఫ్తార్‌లో చిక్కు తిరగబడుతుంది. పాల్వంచ పట్టిక జేబులో పెట్టుకొని హైదరాబాద్ చుట్టాలింటికి వెళ్ళినవారు అక్కడ దాన్నే నమ్ముకుంటే, సూర్యుడు అస్తమించక ముందే ఖర్జూరం నోట్లో వేసుకుంటారు. రోజంతా ఆకలిదప్పులకు ఓర్చుకున్న ఉపవాసం 9 నిమిషాల దగ్గర సందేహంలో పడటం ఎంత బాధాకరం! అబ్బాయి ఫోనులో ఊరి పేరు మార్చుకుంటే సరిపోతుంది.

ఆ 9 నిమిషాల వెనుక ఉన్న వేగం ఊహించుకోండి. మన ఇల్లు, మస్జిద్, థర్మల్ కేంద్రం, కిన్నెరసాని జలాశయం అన్నీ కలిసి గంటకు సుమారు 1,590 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతున్నాయి. ఇది చాలదన్నట్టు భూమి సెకనుకు 30 కిలోమీటర్ల చొప్పున సూర్యుని చుట్టూ పరుగెడుతోంది. అయినా స్టవ్ మీద పెట్టిన చాయ్ ఒలకదు. సూర్యచంద్రులు ఒక లెక్క ప్రకారం నడుస్తున్నాయన్న మాట సూరా రహ్మాన్ ఆరంభంలోనే మనం వింటాం. ఆ లెక్క ఎంత నిక్కచ్చిదో తెలియాలంటే సౌరకుటుంబాన్ని ఒకసారి పరిచయం చేసుకోవాలి.

పుస్తకాల్లో గ్రహాలన్నిటినీ ఒకే పేజీలో పక్కపక్కనే బొమ్మ వేస్తారు. దానివల్ల పిల్లలకు దూరాలు అర్థం కావు. మనం పాల్వంచ బస్టాండు దగ్గర ఒక మీటరు వెడల్పున్న బంతిని పెట్టి, అదే సూర్యుడనుకుందాం. అక్కడి నుంచి భద్రాచలం రోడ్డున 107 మీటర్లు నడిచి ఒక శనగగింజ పెడితే అది మన భూమి. ఆ శనగగింజకు జానెడు పైచిలుకు దూరంలో ఒక ఆవగింజ పెట్టండి, అదే చంద్రుడు. మనిషి ఇంతవరకు కాలుమోపిన అత్యంత దూరం ఆ జానెడే! ఇంకా ముందుకు నడిచి సుమారు 560 మీటర్ల దగ్గర పెద్ద బత్తాయికాయ పెడితే గురుగ్రహం. కిలోమీటరు దాటాక శని. మూడు కిలోమీటర్లు దాటిన తర్వాత చిన్న నిమ్మకాయంత నెప్ట్యూన్. మధ్యలో అంతా ఖాళీయే. మరి సూర్యుని తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రాన్ని ఎక్కడ పెట్టాలి? అదే కొలతలో సుమారు 29 వేల కిలోమీటర్ల అవతల. అందుకు మన జిల్లా కాదు, భూమి మీద ఏ జిల్లా కూడా చాలదు.

అసలు కొలతల్లో సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఆ వెలుగు మనల్ని చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. సుమారు 460 కోట్ల సంవత్సరాల క్రితం వాయువు, ధూళి కలగలిసిన మేఘం నుంచి సూర్యుడూ, దాని చుట్టూ తిరిగే గ్రహాలూ ఏర్పడ్డాయని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. గ్రహాలు ఎనిమిది. ప్లూటోను 2006లో మరుగుజ్జు గ్రహాల జాబితాలోకి మార్చారు. తొమ్మిది గ్రహాలని బడిలో చదువుకున్న నాన్నలు పిల్లలతో పందెం కాయకపోవడం మంచిది. అంగారకుడికీ గురుడికీ మధ్య గ్రహశకలాలు లక్షల్లో తిరుగుతున్నాయి. ఇంకా దూరం నుంచి తోకచుక్కలు వచ్చిపోతుంటాయి. 1986లో వచ్చిన హేలీ తోకచుక్క మళ్ళీ వచ్చేది 2061లోనే.

ఐదు గ్రహాలను కంటితోనే చూడవచ్చు. బుధుణ్ణి ఉతారిద్, శుక్రుణ్ణి జుహ్రా, అంగారకుణ్ణి మిర్రీఖ్, గురుణ్ణి ముష్తరీ, శనిని జుహల్ అంటారు. మన ఇళ్ళలో జుహ్రా అనే ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో! కొన్ని నెలలు సహరీ వేళ తూర్పున మెరిసే వేగుచుక్క, మరికొన్ని నెలలు మగ్రిబ్ తర్వాత పడమట మెరిసే చుక్క ఒక్కటే, శుక్రగ్రహమే. చూపుకు అంత అందమైన ఆ గ్రహం మీద వేడి 460 డిగ్రీల పైమాటే. థర్మల్ కేంద్రం దీపాల కాంతిలో చిన్న చుక్కలు కనబడకపోయినా శుక్రుడు, గురుడు కనబడతారు. ఊరు దాటి అడవి అంచు పల్లెల్లో మేడ ఎక్కితే పాలపుంత కూడా దొరుకుతుంది. పట్నం పిల్లలకు లేని భాగ్యమిది.

చంద్రుని సంగతికి వస్తే, ఒక అమావాస్య నుంచి మరో అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు పడుతుంది. అందుకే మన నెలలకు ఒకసారి 29 రోజులు, ఒకసారి 30. పన్నెండు నెలలు కలిపితే 354 రోజులు. సూర్యమానం కన్నా 11 రోజులు తక్కువ కాబట్టి రంజాన్ ఏటా ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్ళలో అన్ని ఋతువులూ చుట్టివస్తుంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఒకరోజు ముందే ఈద్ చేసుకుంటే ఇక్కడి తల్లిదండ్రులు కలత పడనక్కర్లేదు. అక్కడ సూర్యుడు మనకన్నా గంటల తర్వాత అస్తమిస్తాడు, ఆలోగా నెలవంక సూర్యుని నుంచి మరికొంత దూరం జరిగి కంటికి ఆనే వీలు పెరుగుతుంది.

ఈ విద్య మనకు పరాయిది కాదు. పూర్వం పెద్ద మస్జిదులలో నమాజ్ వేళలు లెక్కగట్టడానికి మువఖ్ఖిత్ అనే ఉద్యోగి ఉండేవాడు. డమాస్కస్ ఉమయ్యద్ మస్జిద్‌లో ఆ పని చేసిన ఇబ్నుష్షాతిర్ 1371 ప్రాంతంలో మినార్ మీద నీడ గడియారం నెలకొల్పాడు. చంద్రగమనానికి ఆయన వేసిన లెక్క, తర్వాత 1543లో వెలువడిన కోపర్నికస్ గ్రంథంలోని లెక్కతో సరిపోతోందని చరిత్రకారులు గుర్తించారు. అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్‌లోనే నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో సొంత ఖర్చుతో 15 అంగుళాల దూరదర్శినితో వేధశాల ప్రారంభించాడు. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. అదే నిజామియా వేధశాల. దక్షిణాకాశంలోని ఒక పట్టీని ఫొటోలు తీసి లక్షల నక్షత్రాల స్థానాలను నమోదు చేసి ప్రపంచ నక్షత్ర పట్టికకు అందించిన ఘనత దానిది. 1944 నుంచి దానికి సంచాలకులుగా ఉన్న అక్బర్ అలీ చొరవతో తలపెట్టిన 48 అంగుళాల దూరదర్శిని ఆయన మరణానంతరం 1968లో జపాల్ రంగాపూర్‌లో వెలిసింది.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అధ్యయనం చేయడానికి శాస్త్రజ్ఞులు ఆ రంగాపూర్‌కే తరలివచ్చారు. వారు దూరదర్శినులు సిద్ధం చేసుకుంటుంటే ఎన్నో ఇళ్ళలో తలుపులు, కిటికీలు మూసుకున్నారు. మనవాళ్ళూ అందుకు మినహాయింపు కాదు. ఇప్పటికీ గహన్ పట్టిందంటే గర్భిణి కోడలిని కత్తి ముట్టవద్దంటారు, కదలకుండా పడుకోమంటారు. తీరా పెదవి చీలిన బిడ్డ పుడితే, ఆ రోజు ఏదో కోసి ఉంటావని తల్లినే నిందిస్తారు. ఆ నింద ఆమెను ఏళ్ళ తరబడి కాల్చుకు తింటుంది. బిడ్డ పెదవి రూపుదిద్దుకునేది గర్భం మొదటి వారాల్లో. దానికి గ్రహణంతో సంబంధం లేదు, చీలిక శస్త్రచికిత్సతో సరి అవుతుంది. సఫర్ నెల తేరా తేజీ భయం కూడా ఈ కోవలోదే.

గ్రహణం అంటే నీడ, అంతే. చంద్రుడు సూర్యునికి అడ్డువస్తే సూర్యగ్రహణం, భూమి నీడలో చంద్రుడు పడితే చంద్రగ్రహణం. చంద్రుని దారి సుమారు 5 డిగ్రీలు వాలి ఉండటం వల్ల ప్రతి నెలా గ్రహణాలు రావు. ఈ విషయంలో మనకు దైవప్రవక్త (స) ఆచరణే ఉంది. ఆయన ముద్దుల కుమారుడు ఇబ్రాహీం పసితనంలోనే మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. అది 632 జనవరి 27 నాటిదని లెక్కగట్టారు. ఆ బిడ్డ కోసమే సూర్యుడు చీకటి పడ్డాడని ప్రజలు చెప్పుకున్నారు. గర్భశోకంలో ఉన్న తండ్రి ఆ మాటను మౌనంగా ఒప్పుకొని ఉంటే ఎవరు కాదనేవారు? ఆయన వెంటనే ఖండించారు. ఎవరి చావుపుట్టుకల కోసమూ సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని, అవి అల్లాహ్ నిదర్శనాలని బోధించి నమాజ్‌కు నిలబడ్డారు. కోడలిని నిందించే అత్తలు ఈ సంఘటనను ఒకసారి చదవాలి. సూర్యగ్రహణాన్ని ఉత్త కళ్ళతో మాత్రం చూడకూడదు, చూపు పోతుంది. అందుకు తయారైన ప్రత్యేక కళ్ళద్దాలు వాడాలి. 2027 ఆగస్టు 2 సంపూర్ణ సూర్యగ్రహణం నీడ దారిలో మక్కా నగరమే ఉంది.

ఇక పిల్లలతో చేయదగిన పని ఒకటి చెబుతాం. ఏటా మే 28న మన గడియారంలో మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జూలై 16న 2 గంటల 57 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తిన ఉంటాడు. లీపు సంవత్సరాల్లో ఒకరోజు ముందు. ఆ క్షణంలో మేడ మీద ఒక కర్రను నిట్టనిలువుగా నిలబెట్టి నీడ గీత గీయండి. నీడ కొస నుంచి కర్ర మొదలు వైపు చూస్తే అదే ఖిబ్లా. మన ఊళ్ళో అది సరిగ్గా పడమర కాదు, సుమారు 12 డిగ్రీలు ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. ఇది చూసి పాత మస్జిద్ సఫ్‌ల గురించి ఎవరూ తగువు పెట్టుకోవద్దు, దిశ విషయంలో పండితులు తగిన వెసులుబాటు ఇచ్చారు. ఇంట్లో జానమాజ్ పరిచే చోట ఆ గీతను రంగుతో దిద్దుకుంటే చాలు. జూలైలో మన అడవి ప్రాంతమంతా మబ్బులే. మే 28నే నమ్ముకోవడం మేలు.