కాగితపు పనులకు ఏ జిగురు మేలు?

గత సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మనుమడు గాలిపటానికి కాగితం అంటిస్తూ, వేలికంటిన జిగురును నాలుకతో నాకాడు. నా గుండె ఝల్లుమన్నది. పుస్తకాలకు అట్టలు వేయడానికి వారం క్రిందట నేను కాచి ఉంచుకున్న జిగురు అది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపాను. బైండింగు పనివారు చాలామంది కలుపుతారు. మా తండ్రిగారూ కలిపేవారు. వెంటనే పిల్లవాడి నోరు కడిగించి, ఆ గిన్నెతో సహా ఆసుపత్రికి పరుగెత్తాము. నాకినది లేశమాత్రం గనుక గండం గడిచింది.

మైలుతుత్తం రాగి లవణం. కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు కలుగుతాయి. మోతాదు మించితే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణాపాయమే. ఆయుర్వేదంలో తుత్థం ఔషధమే కదా అనవచ్చు. వైద్యుడు శుద్ధి చేసి వాడే ద్రవ్యం వేరు, బజారులో కొన్న నీలిరంగు పలుకు వేరు. ఇట్టి వేళ ఉప్పునీరు త్రాగించి వాంతి చేయించడం వంటి చిట్కాలు కూడవు. ఆసుపత్రే శరణ్యం.

నాటినుండి మా ఇంట నిలవ జిగురు లేదు. ఒక చెంచా మైదాను ముందుగా చన్నీటిలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం ఐదారు చెంచాల నీటితో సన్నసెగపై కలియబెడుతూ ఉంటే, తెల్లదనం పోయి గాజువలె నిగనిగలాడుతుంది. అప్పుడు దింపాలి. రెండు రోజులు దాటితే పారవేయడమే. పలుచని కాగితానికి అంచువెంట మాత్రమే పూయాలి. తడి ఎక్కువైతే ముడుతలు తప్పవు.

కవర్లు అంటించడానికి తుమ్మబంక శ్రేష్ఠం. ఒక వంతు బంకపొడిని రెండు వంతుల నీటిలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టాలి. ఆరిన పిమ్మట తడి తగిలితే తిరిగి అంటుకోవడం దీని గుణం. దళసరి అట్టపెట్టెలకు మాత్రం బజారులోని పాలవంటి తెల్ల జిగురే గట్టిగా పట్టుతుంది. ఘాటు వాసనగల రబ్బరు జిగురు పిల్లల చేతికి ఈయరాదు. దాని ఆవిరికి తలనొప్పి, తలతిరుగుడు వస్తాయి.

ఇక నా పుస్తకాలకు పురుగుల బెడద ఉండనే ఉన్నది. బీరువాలో ఎండు వేపాకు ఉంచాను. ఒక వర్షాకాలం గడిస్తేగాని ఫలితం తేలదు.