పార్శ్వ భాగపు ఫేషియా – నెమ్మదిగా చేసే ఆసనాల ప్రభావం

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలల్లో ఏటా జనవరి మొదలు ఏప్రిల్ వరకు మిరపకోతలు ముమ్మరంగా సాగుతాయి. కోతకు వెళ్లినవారు గంటల తరబడి నడుము వంచి పనిచేస్తారు. పత్తి తీసేవారికైతే నడుముకు కట్టిన ఒడి నిండేకొద్దీ బరువు ముందుకు లాగుతుంది. సాయంత్రానికి “డొక్క పట్టేసింది” అంటారు. చేతులు పైకెత్తి ఒళ్లు విరుచుకుంటే కొంత హాయిగా ఉంటుంది. ఆ హాయికి కారణం “ఫేషియా సాగడం” అని యోగా తరగతుల్లో తరచుగా చెబుతారు. ఈ మాట ఎంతవరకు సరైనదో ఈ భాగంలో పరిశీలిద్దాం.

ఫేషియా – పార్శ్వ భాగం

మాంసం కోసేటప్పుడు కండ మీద తెల్లటి పలుచని పొర కనిపిస్తుంది. అదే ఫేషియా. ఇది ఒక రకం సంయోజక కణజాలం. కొల్లాజెన్ పోగులు, కొంత ఎలాస్టిన్, నీటిని పట్టి ఉంచే జిగురు పదార్థం ఇందులో ఉంటాయి. ఇది కండరాన్ని చుట్టి ఉంచడమే కాక ఒక కండరం లాగిన బలాన్ని పక్క కండరానికి అందిస్తుంది. దీనిలో నాడీ చివరలు కూడా ఎక్కువే.

చంక నుంచి తుంటి వరకు చూస్తే వీపు వైపున లాటిసిమస్ డోర్సీ, దాని ముందు పక్కటెముకల మధ్య కండరాలు, కిందుగా పొట్ట పక్క కండరాలు, లోతున క్వాడ్రేటస్ లంబోరమ్ ఉంటాయి. నడుము వెనుక ఉండే థొరాకోలంబార్ ఫేషియా అంచు పొట్ట పక్క కండరాలతో కలుస్తుంది. కాబట్టి నడుమును, డొక్కను వేరువేరు భాగాలుగా చూడలేం. చెవి నుంచి పాదం వరకు ఒకే ‘పార్శ్వ రేఖ’ ఉందని థామస్ మైయర్స్ ప్రతిపాదించాడు. శవపరీక్షల ఆధారాలు ఆ రేఖలో కొన్ని భాగాలనే సమర్థిస్తున్నాయి. దానిని బోధనకు ఉపయోగపడే పటంగా తీసుకోవచ్చు గాని శరీరంలో కనిపించే ఒకే పట్టీ అనుకోకూడదు.

నెమ్మదిగా వంగినప్పుడు ఏమి జరుగుతుంది?

నానిన పరోటా పిండిని ఒక్కసారిగా లాగితే తెగుతుంది, నిదానంగా లాగితే సాగుతుంది. ఫేషియా కూడా కొంత ఇలాంటిదే. బలాన్ని నిలిపి ఉంచినప్పుడు అది నిదానంగా కొద్దిగా సాగుతుంది, లోపలి బిగువు తగ్గుతుంది. వేగంగా లాగితే కండరం ప్రతిక్రియగా బిగుసుకుంటుంది, నెమ్మదిగా లాగితే ఆ ప్రతిక్రియ తక్కువ. అయితే ఈ సాగుదల తాత్కాలికమే. తొడ పక్కన ఉండే ఫేషియా లేటా వంటి దట్టమైన పొరను ఒక శాతం నొక్కి మార్చడానికే మామూలు చేతి బలానికి మించిన బలం కావాలని 2008లో ఒక గణిత నమూనా చూపింది. అర నిమిషం ఆసనంతో ఫేషియా ‘పొడవు పెరిగింది’ అనడం అందువల్ల సరికాదు.

మరి హాయి ఎక్కడిది? ఫేషియా పొరల మధ్య హయలురోనన్ అనే పదార్థం కందెనలా పనిచేస్తుంది. కదలిక లేనప్పుడు ఇది చిక్కబడి పొరల జారుడు తగ్గుతుందని ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయానికి చెందిన కార్లా స్టెక్కో బృందం భావిస్తోంది. దీర్ఘకాలిక నడుమునొప్పి ఉన్నవారిలో థొరాకోలంబార్ ఫేషియా పొరల జారుడు సుమారు 20 శాతం తక్కువగా ఉందని హెలెన్ లాంజెవిన్ బృందం 2011లో అల్ట్రాసౌండ్ ద్వారా గుర్తించింది. జారుడు తగ్గడం నొప్పికి కారణమా, ఫలితమా అన్నది ఆ అధ్యయనం తేల్చలేదు. రెండో కారణం నాడీ వ్యవస్థ. కొన్ని వారాల అభ్యాసం తర్వాత ఎక్కువ వంగగలగడానికి, సాగదీతను శరీరం ఓర్చుకోగలగడమే ప్రధాన కారణమని పలు అధ్యయనాలు సూచిస్తున్నాయి. ఫేషియాలో పేరుకున్న విషపదార్థాలు ఆసనంతో బయటికి పోతాయనే ప్రచారానికి మాత్రం ఆధారం లేదు. ఆ పని కాలేయానిది, మూత్రపిండాలది.

ఇక్కడ పొలం పనికి సంబంధించిన ఒక విషయం గమనించాలి. గంటల కొద్దీ ముందుకు వంగి ఉన్నప్పుడు వెన్ను వెనుక స్నాయువులు అప్పటికే సాగి ఉంటాయి. పట్టేసినట్లు అనిపించినంత మాత్రాన ఆ భాగం పొట్టిదైపోయిందని కాదు. కోత ముగియగానే పాదహస్తాసనం వంటి లోతైన ముందువంపు చేస్తే సాగినదాన్నే మళ్లీ సాగదీసినట్లవుతుంది. ముందు గట్టు వెంట కాసేపు నడిచి, తర్వాత పక్కకు వంగే ఆసనం చేయడం మేలు.

అందుకు అర్ధకటిచక్రాసనం చాలు. నిటారుగా నిలబడి కుడి చేతిని పక్క నుంచి పైకెత్తి చెవికి ఆనించాలి. శ్వాస వదులుతూ ఎడమవైపు వంగాలి. ఎడమ అరచేయి తొడ పక్కగా కిందికి జారుతుంది. ఛాతీ ముందుకు వాలకూడదు. నాలుగైదు శ్వాసల పాటు నిలిస్తే, ప్రతి ఉచ్ఛ్వాసలో కుడివైపు పక్కటెముకలు విచ్చుకోవడం తెలుస్తుంది. తర్వాత రెండో వైపు చేయాలి. వంపు ఎంత అన్నది ముఖ్యం కాదు. దీర్ఘకాలిక నడుమునొప్పి ఉన్న 228 మందిపై 2011లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో యోగా తరగతులు, మామూలు సాగదీత తరగతులు దాదాపు సమానంగా మేలు చేశాయి. అంటే ఆసనం పేరు కన్నా క్రమం తప్పని కదలికే పనిచేస్తోందన్నమాట.

సాగదీత పనికిరాని బిగుతు

ప్రకాశం ప్రాంత విద్యార్థులు ఈ అంశాన్ని ప్రత్యేకంగా తెలుసుకోవాలి. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు నెల్లూరు జిల్లాలో ఉండేవి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారిగా వివరించిన 1937 నాటి నివేదిక ఆ ప్రాంతానిదే. బోరు నీటిలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే వెన్ను స్నాయువులలో సున్నం పేరుకొని గట్టిపడుతుంది. పక్కటెముకల కదలిక తగ్గి ఊపిరి నిండా తీయడం కూడా కష్టమవుతుంది. పైకి చూస్తే ఇదీ ‘పట్టేసిన’ నడుమే. కానీ ఎముకగా మారుతున్న స్నాయువు ఆసనంతో సాగదు, బలవంతపు వంపు హాని చేస్తుంది. ఎముకలు చూడటానికి దట్టంగా ఉన్నా పెళుసుగా ఉంటాయి. ఇలాంటి ఊళ్లలో నెలల తరబడి తగ్గని బిగుతు ఉంటే ఎక్స్‌రే, నీటి పరీక్ష రెండూ చేయించాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండాలనీ, వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతించవచ్చనీ భారత ప్రమాణాలు చెబుతున్నాయి.

డొక్కలో మొదలై గజ్జల వైపు పాకే నొప్పి, మూత్రంలో మంట లేదా రక్తం, జ్వరం ఉంటే అది మూత్రపిండాల సమస్య కావచ్చు. అలాంటప్పుడు ఆసనం ఆపి అదే రోజు డాక్టరును కలవాలి.