3.3 వోల్టులతో 415 వోల్టుల మోటారు

బోరుబావి మోటారు 5 హెచ్‌పీ అనుకుందాం. అంటే 3.7 కిలోవాట్లు, మూడు ఫేజుల 415 వోల్టులు, ఫేజుకు సుమారు 7.5 ఆంపియర్లు. ఇంట్లో కూర్చుని ఫోన్‌తో దాన్ని తిప్పే డబ్బాలోని చిప్ ఇవ్వగలిగేది 3.3 వోల్టులే. ఈ రెంటికీ పొత్తు నేరుగా కుదరదు, మెట్లు కట్టాలి.

మొదటి మెట్టు ట్రాన్సిస్టర్. దాని బేస్‌కు 1,000 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా చిప్‌ను కలిపితే, ట్రాన్సిస్టర్ తన వాటాగా 0.7 వోల్టులు పట్టేస్తుంది. మిగిలిన 2.6 వోల్టులకు పారేది 2.6 మిల్లీ ఆంపియర్లు. అంటే చిప్ ఖర్చు 8.6 మిల్లీవాట్లు. మోటారు శక్తి దానికి 4.3 లక్షల రెట్లు!

రెండో మెట్టు రిలే. బజారులో దొరికే నీలిరంగు 5 వోల్టుల రిలే కాయిల్ 70 ఓమ్‌లు, అంటే 71 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. బీసీ547 ట్రాన్సిస్టర్ హద్దు 100 కాబట్టి సరిపోతుంది. కాయిల్ అయస్కాంతమై లోపలి రేకును లాగుతుంది, టక్‌మని కాంటాక్టు కలుస్తుంది. కాయిల్‌కూ కాంటాక్టుకూ మధ్య తీగ లేదు. కాస్త గాలి, కాస్త ప్లాస్టిక్. చిప్‌ను కాపాడేది ఆ ఖాళీయే.

రిలే ఆపినప్పుడు మరో చిక్కు. కాయిల్‌లో పారుతున్న కరెంటు ఒక్కసారిగా తెగితే పదుల, ఒక్కోసారి వందల వోల్టులు ఎగదన్నుతాయి. మన ట్రాన్సిస్టర్ తట్టుకునేది 45. కాయిల్‌కు అడ్డంగా తిరగేసి కట్టిన చిన్న డయోడ్ ఆ దెబ్బను మింగేస్తుంది. దాన్ని మరిచిపోయిన బోర్డు కొన్నాళ్లు బాగానే పనిచేస్తుంది, అదే అసలు మోసం.

రిలే మీద 10 ఆంపియర్లు అని ఉంది, మోటారుకు కావాల్సింది 7.5, ఇంకేం అనుకునేవాళ్లున్నారు. మోటారు లేచేటప్పుడు ఆరు రెట్లు, అంటే 45 ఆంపియర్లు లాగుతుంది. ఆ వేడికి కాంటాక్టులు అతుక్కుపోతే ఫోన్‌లో ‘ఆఫ్’ అని కనిపిస్తుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పైగా రిలే హద్దు 250 వోల్టులు. కనుక దానితో స్టార్టర్‌లోని కాంటాక్టర్ కాయిల్‌నే తిప్పాలి, అదీ 230 వోల్టుల కాయిల్ అయితేనే. మోటారు బరువు మోసేది కాంటాక్టర్.

ఇదంతా ఏసీ లెక్క. 50 హెర్ట్జ్ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాను తాకుతుంది, కాంటాక్టు విడిపోయేటప్పుడు లేచిన మెరుపు అక్కడ ఆరిపోతుంది. సోలార్ ప్యానెళ్ల డీసీకి ఆ సున్నా లేదు, మెరుపు సాగుతూనే ఉంటుంది. అందుకే అదే రిలే మీద, అదే 10 ఆంపియర్లకు, ఏసీ అయితే 250 వోల్టులు, డీసీ అయితే 30 అని ఉంటుంది.