ఎక్స్‌రే చదివే మన పిల్లలు

మన సోలాపూర్ పూర్వభాగ్‌లో ఇప్పుడు ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై పని నేర్చుకునే పిల్లలు కనబడుతున్నరు. డాక్టర్ చదువుకు మన దగ్గర డబ్బు లేదు. ఈ చదువైతే తొందరగా నౌకరీ దొరుకుతదని ఆశ. మా మనుమరాలు ఇందులో మూడో సంవత్సరం. మా గల్లీ పిల్లగాడొకడు ఆమె క్లాసే. నాలుగో తరగతి చదివి, ముప్పై ఏండ్లు సాంచాల మీద నిలబడ్డ నేను ఈ చదువు గురించి రాస్తున్నానంటే, ఈ ఇద్దరినీ రోజూ చూస్తున్న కాబట్టే.

బటన్ నొక్కే పనే కదా అని చాలామంది అనుకుంటరు. కాదు. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో. కాలు విరిగి అరుస్తున్న మనిషిని మెల్లగా తిప్పి పడుకోబెట్టాలె. ఫొటో సరిగ్గా రాకపోతే మళ్ళీ తియ్యాలె, అంటే రోగికి మళ్ళీ రేడియేషన్. ఎమ్మారై గదిలో అయస్కాంతం రాత్రింబగళ్ళు గుంజుతనే ఉంటది. ఇనుప సిలిండర్ లోపలికి పోతే ప్రాణం మీదికొస్తది. ఈ భయం ఆడపిల్లకూ మగపిల్లగానికీ సమానమే.

నిరుడు వాళ్ళ కాలేజీలో ఒత్తిడి కొలిచే ఫారం ఇచ్చిండ్రు. 10 ప్రశ్నలు. గడిచిన నెలలో మనసు ఎన్నిసార్లు కలవరపడ్డది, పనులు చెయ్యి దాటిపోతున్నయని ఎన్నిసార్లు అనిపించింది, ఇట్లాంటివి. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 40. షెల్డన్ కోహెన్ అనే అమెరికా ఆయన, తోటివాళ్ళతో కలిసి 1983లో మొదట తయారుచేసిన కొలత ఇది. దీన్ని చాలా దేశాల్లో వాడుతరు. మామూలుగా ఆడవాళ్ళకే ఎక్కువ వస్తదట. మా మనుమరాలికి 27 వచ్చింది, ఆ పిల్లగానికి 12.

ఇది విని మా గల్లీ పెద్దమనిషి ఒకాయన, "ఆడపిల్లలకు గుండె చిన్నది" అన్నడు. నాకు ఆ మాట నచ్చలేదు. గుండె సంగతి తర్వాత, ముందు గంటలు లెక్కపెట్టండి. నాలుగైదు రోజులకోసారి వచ్చే నల్లా నీళ్ళు పట్టేది ఆమె. వాళ్ళమ్మకు వెయ్యి బీడీలు పూర్తి కావాలంటే ఆకు కత్తిరించి ఇచ్చేది ఆమె. ఆ తర్వాత బస్సు, కాలేజీ, హాస్పిటల్. పుస్తకం తెరిచేసరికి రాత్రి పది. ఆ పిల్లగాడు ఇంటికొస్తే ముందర పళ్ళెం పెడతరు.

రాత్రి డ్యూటీ ఇంకో లెక్క. మా కాలంలో ఆడవాళ్ళు వైండింగ్, రీలింగ్ ఖాతాల్లో పనిచేసేవాళ్ళు. అప్పట్లో 1948 ఫ్యాక్టరీ చట్టం ప్రకారం రాత్రి 7 నుంచి పొద్దున 6 దాకా వాళ్ళను పనిలో పెట్టొద్దని ఉండె. ఇప్పుడు మన పిల్లలు అర్ధరాత్రి హాస్పిటల్లో ఉంటున్నరు. తాగి కొట్టుకొని వచ్చినవాణ్ణి గదిలోకి తీసుకొని తలుపు మూసి ఎక్స్‌రే తియ్యాలె. మా మనుమరాలూ, ఆమె స్నేహితురాళ్ళూ కలిసి టీచర్‌ను అడిగితే, రాత్రిపూట ఇద్దరిద్దరిని వెయ్యడానికి ఒప్పుకున్నరు.

అన్నిటికన్నా ఆమెను కుంగదీసింది వేరే. ఒక సంబంధం వాళ్ళు వచ్చి, "ఎక్స్‌రేల దగ్గర ఉంటే పిల్లలు పుట్టరట కదా" అని అడిగిండ్రు. పిల్ల లోపల వింటున్నది. రెండు రోజులు సరిగ్గా తినలేదు. తర్వాత తనే నాకు కూర్చోబెట్టి చెప్పింది. మిషన్ బందు చేస్తే ఎక్స్‌రే ఉండదు. ఫొటో తీసేటప్పుడు సీసం అడ్డం వెనక నిలబడుతరు. రొమ్ము మీద టీఎల్‌డీ అనే బ్యాడ్జి ఉంటది, మూడు నెలలకోసారి దాన్ని పంపి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క తీస్తరు. ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలి హద్దు పెట్టింది: ఐదేండ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్, ఏ ఒక్క ఏడాదీ 30 దాటొద్దు. కడుపుతో ఉన్నట్టు చెప్పిన తర్వాత లోపలి బిడ్డకు 1 దాటొద్దు. మా కార్డింగ్ ఖాతాలో మేము ఎంత పత్తి దుమ్ము మింగినమో కొలిచే బిళ్ళ ఒకటీ లేకుండె!

హద్దు మీరితే రేడియేషన్ మగవాళ్ళ బీజానికీ హాని చేసేదే. ఆ పిల్లగాడూ అదే గదిలో, అదే బ్యాడ్జితో పనిచేస్తడు. వాణ్ణి మాత్రం ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. సంబంధం వాళ్ళు మళ్ళీ రాలేదు, మేమూ పిలవలేదు.

ఇక ఆ పిల్లగాని 12 సంగతి. ఫారం నింపిన నెలకు తెలిసింది, పదిహేను రోజులుగా వాడు కాలేజీకి పోతలేడని. ఫీజు కిస్తు కట్టలేదు, తండ్రిని అడిగే ధైర్యం లేదు. రాత్రి టవల్ కార్ఖానాలో సాంచాలు నడిపి, పగలు స్నేహితుని గదిలో పడుకుంటున్నడు. గుట్కా కూడా మొదలైంది. "ఫారంలో అట్లా ఎందుకు రాసినవురా?" అని అడిగిన. "ఎవరన్న చూస్తే నవ్వుతరని అన్నిటికీ చిన్న అంకెలే పెట్టిన తాతా" అన్నడు. మా మనుమరాలు ఉన్నది ఉన్నట్టు రాసింది, వీడు దాచుకున్నడు. ఫారం పాపం, రాసినదాన్నే కూడుతది.

తండ్రి భిశీ డబ్బు ముందుగా ఎత్తుకొని ఫీజు కట్టిండు. కొట్టలేదు, తిట్టలేదు, అది మెచ్చుకోవాలె. ఆడపిల్ల ఏడిస్తే నలుగురం కనిపెడతం. మగపిల్లగాడు ఇంటికి ఆలస్యంగా వస్తున్నడా, అన్నం తగ్గించిండా, పుస్తకం ముట్టుతున్నడా అన్నది కూడా ఇంట్లో ఎవరో ఒకరు చూస్తుండాలె.

ఇంకో సంగతి. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అని ఒక ఫోన్ సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. పైసలు పడవు, రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో కూడా మాట్లాడతరు. ఆ పిల్లగాడు ఒక రాత్రి మేడ మీది నుంచి చేసి అర్ధగంట మాట్లాడిండట. నాకు చెప్పలేదు. మా మనుమరాలికి చెప్పిండు.