రొయ్యల వలలో తాబేలు

వలకు కన్నులు వేలకొలదిగా ఉన్నవి గాని చూపు మాత్రం లేదు. జాలరి రొయ్యను కోరి వల విడుస్తాడు. వల తన దారికి అడ్డు వచ్చిన ప్రాణినల్లా పోగుచేస్తుంది. ఇట్లు కోరకుండా చిక్కే జీవులలో మన తీరాన ముఖ్యంగా చెప్పుకోదగినది ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేలు.

సింహాచల క్షేత్రానికీ విశాఖ సముద్రానికీ నడుమ దూరం కొద్ది మైళ్ళే. స్వామివారి వార్షిక కల్యాణోత్సవంలో రథానికి సారథ్యం వహించే గౌరవం జాలరిపేట మత్స్యకారులది. కడలిని నమ్ముకొన్న ఆ కుటుంబాలకు ఈ తాబేలు చిరపరిచితమే. శీతకాలంలో ఇవి జతకట్టుటకై తీరానికి చేరువగా వస్తవి. జనవరి మొదలు ఏప్రిల్ వరకు ఆడ తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసుకలో గుంట త్రవ్వి, నూరు గ్రుడ్లకు అటూఇటుగా పెట్టి మరలిపోతవి. ఒడిశాలోని గహిర్మాత, ఋషికుల్య తీరాలలో ఇవి లక్షలుగా చేరుతవి. భీమునిపట్నం, జోడుగుళ్ళపాలెం ఇసుకలపై ఒక్కొక్కటిగా వస్తవి. అటవీశాఖవారు ఆ గ్రుడ్లను సేకరించి, కాపాడి, పిల్లలను కడలిలో విడుస్తున్నారు. అయితే అదే ఋతువులో, అదే ఒడ్డుకు, చచ్చిన తాబేళ్ళు కూడా కొట్టుకువస్తున్నవి.

నీటిలో బ్రతికే తాబేలు వలలో ఎట్లు మరణిస్తుందని శ్రోతలకు సందేహం కలుగవచ్చు. తాబేలుకు చేప వలె మొప్పలు లేవు. మనవలె ఊపిరితిత్తులు ఉన్నవి. గాలికై అది పైకి రాక తప్పదు. మరపడవ లాగే ట్రాల్ వల సంచి వలె సముద్రపు అడుగున గంటలకొద్దీ సాగుతుంది. అందులో పడిన తాబేలు పెనుగులాడి, ఉన్న ఊపిరిని త్వరగా వ్యయపరచి, చివరకు మునిగి మరణిస్తుంది.

ఈ నష్టం గ్రుడ్లను కాపాడినంత మాత్రాన పూడేది కాదు. పొదిగిన పిల్లలలో పెరిగి పెద్దవయ్యేవి బహు స్వల్పం. ఆ స్వల్పభాగం కూడా గ్రుడ్లు పెట్టే వయస్సుకు రావడానికి పది సంవత్సరాలకు మించి పడుతుంది. కనుక ఒక తల్లి తాబేలు మరణం అనేక సంవత్సరాల ఫలం ఒక్కసారిగా పోవడమే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేలుకు పూర్తి రక్షణ కల్పించింది. తూర్పు తీరాన ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినాలు, మరపడవల వేట నిషిద్ధం. అది ప్రధానంగా చేపల సంతానోత్పత్తికి ఉద్దేశించినది. ఆ గడువు వచ్చేసరికి తాబేళ్ళ ఋతువు చాలవరకు ముగిసిపోతుంది. అందుచేత కాలనియమం ఒక్కటే చాలదు, వలయే మారవలె.

అట్టి మార్పు సాధ్యమే. వల గొంతులో ఏటవాలుగా ఒక లోహపు చట్రాన్ని అమర్చుతారు. దాని కడ్డీల సందున రొయ్యలు, చిన్న చేపలు సంచిలోనికి పోతవి. తాబేలు చట్రానికి తగిలి, ప్రక్కనున్న ద్వారం గుండా వెలుపలికి జారుతుంది. దీనినే టెడ్ అంటారు. కొచ్చిలోని కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ మన జలాలకు అనువైన రూపాన్ని తయారుచేసింది. ఆ సంస్థకు విశాఖలో పరిశోధన కేంద్రం ఉన్నది.

ఈ చట్రం దేశాల నడుమ వ్యాజ్యానికి కూడా కారణమైంది. తాబేళ్ళను రక్షించని విధంగా పట్టిన రొయ్యలను అమెరికా నిరోధించగా, భారత, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థను ఆశ్రయించినవి. తాబేళ్ళ రక్షణ తగిన ఆశయమే గాని, నిషేధాన్ని అమలుపరచిన తీరు పక్షపాతంతో కూడినదని 1998లో తీర్పు వెలువడింది.

తీర్పులు ఎట్లున్నా పడవ మీది మనిషి మాట వినవలసి ఉన్నది. ద్వారం గుండా కొంత రొయ్య కూడా జారిపోతుందని, చెత్త అడ్డుపడితే వేట దండుగవుతుందని అతని భయం. చమురు ఖర్చు పెరిగిన దినాలలో ఆ భయాన్ని తేలికగా త్రోసివేయరాదు. చట్రం వెలను, తొలి వేటల నష్టాన్ని ప్రభుత్వమూ, ఎగుమతి వర్తకులూ పంచుకొంటే, చట్టం శాసించిన పనిని మత్స్యకారుడు మనస్ఫూర్తిగా చేస్తాడు. తాబేలును రక్షించే భారం పడవలో ఉన్న నలుగురి మీదనే మోపడం న్యాయం కాదు.