పట్టిక వెడల్పు తెలియనిదే ఫంక్షనుకు దారి తెలియదు

సి భాష నేర్చుకొను విద్యార్థులకు తొలిదినములలోనే ఒక నియమము కంఠస్థమగును. రెండు కొలతల అర్రేను ఫంక్షనుకు పంపునపుడు మొదటి కొలతను ఖాళీగా విడువవచ్చును, రెండవ కొలతను మాత్రము విడువరాదు. పరీక్షలో ఈ వాక్యము వ్రాసినవారికి మార్కులు వచ్చును. కాని "ఏల విడువరాదు?" అని అడిగినచో పెక్కుమంది మౌనము వహింతురు. కారణము తెలియని నియమము పరీక్ష ముగిసిన మరునాడే మరుపున పడును. ఒకవేళ జ్ఞాపకమున్నను, రేపు ఉద్యోగములో లెక్క తప్పినపుడు అది ఆదుకొనదు.

తెలుగు బోధించు మాకు కంప్యూటరుతో నేమి పని యని పాఠకులు అనుకొనవచ్చును. తెలుగు, ఉర్దూ మాధ్యమములలో చదివి వచ్చిన మన విద్యార్థులలో కొందరు, ప్రోగ్రామింగు ఇంగ్లీషు బాగుగా వచ్చినవారి సొత్తని తలచి వెనుకంజ వేయుటను మేము చూచుచున్నాము. పై నియమమునకు మూలమైన కారణము ఏ ఒక్క భాషకును చెందినది కాదు. ఆదోని మార్కెట్టు లెక్కతోను, ఎమ్మిగనూరు మగ్గముతోను, మన పద్యముతోను దానిని చెప్పవచ్చును. అట్లు చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

నాలుగు దినముల పట్టిక

ఆదోని వ్యవసాయ మార్కెట్టు యార్డునకు పత్తి, వేరుసెనగ, ఆముదములు వచ్చుట అందరెరిగినదే. ఒక కమీషను దుకాణమునకు నాలుగు దినములలో వచ్చిన సరకును క్వింటాళ్లలో ఇట్లు వ్రాసికొందము. ఈ అంకెలు ఉదాహరణకై మేము కల్పించినవి.

మొదటి దినము: పత్తి 50, వేరుసెనగ 20, ఆముదములు 5
రెండవ దినము: పత్తి 60, వేరుసెనగ 25, ఆముదములు 8
మూడవ దినము: పత్తి 40, వేరుసెనగ 30, ఆముదములు 6
నాలుగవ దినము: పత్తి 70, వేరుసెనగ 15, ఆముదములు 9

ఇందు అడ్డువరుసలు నాలుగు, నిలువువరుసలు మూడు. సి భాషలో దీనిని ఈ క్రింది విధముగా ప్రకటింతురు. కంప్యూటరుపై ఇంగ్లీషు అక్షరములతో టైపు చేయవలసిన మాటలను ఇచ్చట తెలుగు లిపిలో ఇచ్చుచున్నాము.

ఇంట్ సరకు[4][3];

సి భాషలో లెక్క సున్నతో మొదలగును. కనుక సరకు[0][0] అనగా మొదటి దినపు పత్తి. సరకు[2][1] అనగా మూడవ దినపు వేరుసెనగ. దాని విలువ 30.

మెమరీ ఒక దారము

కాగితముపై మనము పట్టికకు నిడివిని, వెడల్పును రెండింటిని చూచుచున్నాము. ప్రోగ్రాము చూచు మెమరీకి వెడల్పు లేదు. ఒకే వీథిలోని ఇండ్లకు వరుసగా సంఖ్యలు వేసినట్లు, గడులు ఒకదాని ప్రక్క నొకటి యుండును. అందుచేత సి భాష మొదటి అడ్డువరుసను పూర్తిగా నుంచి, దాని వెంట రెండవదానిని, పిమ్మట మూడవదానిని ఉంచుచు పోవును. మన పట్టిక మెమరీలో ఇట్లుండును.

50 20 5 60 25 8 40 30 6 70 15 9

ఎమ్మిగనూరు మగ్గమును తలచుకొనుడు. 1938 లో మాచాని సోమప్ప గారు స్థాపించిన చేనేత సహకార సంఘముతో పేరొందిన ఊరది. మగ్గముపై పడుగు నిలువుగా పరచియుండును. నాడె పేకను అడ్డముగా నడుపును. వస్త్రమునకు నిడివి వెడల్పులున్నను పేక మాత్రము ఒక పొడవైన దారమే. అంచు చేరినప్పుడెల్ల అది మరలి తరువాతి వరుసను మొదలుపెట్టును. ఆ పేకను వస్త్రమునుండి లాగివేసినచో చేతిలో మిగులునది దారమే. ఎక్కడ మరలవలెనో లెక్కించుటకు పడుగు వెడల్పు తెలియవలెను. ఒక్క భేదము మాత్రము గమనింపవలెను. నాడె పోయి తిరిగి వచ్చును. సి భాష ప్రతి వరుసను ఒకే దిక్కునుండి మొదలుపెట్టును.

సాహిత్య విద్యార్థులకు మరింత దగ్గరి ఉపమానము కలదు. తాళపత్రములపై పద్యమును పాదములుగా విడదీయక ఏకధాటిగా వ్రాసెడివారు. ఉత్పలమాలకు పాదమునకు 20 అక్షరములని తెలిసినవాడు దానిని నాలుగు పాదములుగా విడదీయగలడు. ప్రాస సరిచూచుటకు అతడు 2, 22, 42, 62 వ అక్షరములను చూచును. ఆ పద్యమునే 21 అక్షరముల చంపకమాలయని భ్రమించినవాడు 2, 23, 44, 65 వ అక్షరములను చూచి, ప్రాస తప్పినదని కవిని నిందించును. దోషము పద్యమున లేదు. చదువరి ఎంచుకొన్న వెడల్పున నున్నది.

గడి చిరునామా ఎట్లు తెలియును?

కంపైలరు చేయు లెక్కయు ఇట్టిదే. అర్రే మెమరీలో 1000 వ చిరునామాతో మొదలగుచున్నదనియు, ఒక్కొక్క ఇంట్ విలువకు 4 బైట్లు పట్టుననియు అనుకొందము. సరకు[2][1] ను చేరుటకు రెండు పూర్తి వరుసలు దాటి, ఆపై ఒక గడి దాటవలెను. రెండు వరుసలకు 2 × 3 = 6 గడులు; ఇంకొకటి కలుపగా 7. ఏడు గడులకు 28 బైట్లు. కనుక చిరునామా 1028. పై దారములో మొదటి 50 ని విడిచి ఏడు గడులు లెక్కించిన 30 వచ్చును, సరిపోయినది.

ఈ లెక్కను సూత్రముగా చెప్పినచో: మొదటి చిరునామా + (అడ్డువరుస సంఖ్య × నిలువువరుసల మొత్తము + నిలువువరుస సంఖ్య) × ఒక గడి పరిమాణము. ఇందు నిలువువరుసల మొత్తము కలదు. అడ్డువరుసల మొత్తము ఎక్కడను లేదు. మన నియమమునకు కారణమిదే. వెడల్పు లేనిచో గడి దొరకదు, కావున దానిని విడువరాదు. నిడివి లేకున్నను గడి దొరకును, కావున దానిని విడువవచ్చును. అయితే ఎక్కడ ఆగవలెనో తెలియుటకు అడ్డువరుసల సంఖ్యను వేరుగా పంపవలెను. నాలుగు దినముల పత్తిని కూడు ఫంక్షను ఇట్లుండును.

ఇంట్ పత్తిమొత్తము(ఇంట్ ప[][3], ఇంట్ దినములు)
{
ఇంట్ ఐ, కూడిక = 0;
ఫర్ (ఐ = 0; ఐ < దినములు; ఐ++)
కూడిక = కూడిక + ప[ఐ][0];
రిటర్న్ కూడిక;
}

పత్తిమొత్తము(సరకు, 4) అని పిలిచినచో 220 వచ్చును.

వెడల్పు తప్పినచో ఏమగును?

ఫంక్షనులో 3 కు బదులు 4 వ్రాసినామనుకొందము. అప్పుడు ఫంక్షను ప్రతి నాలుగు గడులను ఒక దినముగా భావించును. మొదటి దినపు పత్తి 50 అని సరిగా చదువును. రెండవ దినపు పత్తియని 25 ను చదువును, అది వేరుసెనగ. మూడవ దినపు పత్తియని 6 ను చదువును, అది ఆముదములు. నాలుగవ దినమునకు అర్రేయే ముగిసిపోయి, ఆ తరువాతి గడిలోని ఏదో విలువను చదువవచ్చును. మూడు దినములకు 150 ఉండవలసిన చోట 81 వచ్చినది.

అన్నింటికంటె భయంకరమైన విషయము, ప్రోగ్రాము ఆగకపోవచ్చుననుట. సి భాష హద్దులు దాటుటను తనంతట తాను కనిపెట్టదు. తెరపై ఒక అంకె చక్కగా కనబడును. గుమాస్తా దానిని రసీదుపై ముద్రించును, రైతు దానిని నమ్మి ఊరు చేరును. కావలెనని చేయు మోసమునకు కారకుడు దొరకును. వెడల్పు తప్పిన లెక్కకు ఎవరిని అడుగవలెనో రైతుకు తెలియదు. అంకెను వ్రాసినవాని బాధ్యత అందుకే పెద్దది. కంపైలరు ఇచ్చు హెచ్చరికలను ఉపేక్షింపరాదు. ఇట్టి పొరపాటునకు పెక్కు కంపైలర్లు హెచ్చరిక మాత్రమే యిచ్చి పని సాగనిచ్చెడివి. 2024 లో వెలువడిన జి.సి.సి. 14 దీనిని దోషముగానే యెంచి నిలిపివేయును.

పంపునది సరకు కాదు, చిరునామా

ఒక సాధారణ ఇంట్ విలువను ఫంక్షనుకు పంపునపుడు దాని నకలు మాత్రమే పోవును. అర్రే విషయము వేరు. గోదాములోని బేళ్లను మోసికొని పోక గోదాము చిరునామా యిచ్చినట్లు, మొదటి అడ్డువరుస చిరునామా మాత్రమే పోవును. కనుక ఫంక్షనులో ప[0][0] ను మార్చినచో అసలు పట్టికయే మారును. మార్పు అవసరము లేని చోట ముందు కాన్స్ట్ అను మాట చేర్చుట మంచిది.

ఈ కారణముననే ఇంట్ ప[][3] అని వ్రాసినను, ఇంట్ (*ప)[3] అని వ్రాసినను పారామీటరుగా అర్థమొక్కటే: మూడు గడుల వరుసను చూపు పాయింటరు. కుండలీకరణములు విడిచి ఇంట్ *ప[3] అని పారామీటరులో వ్రాసినచో అర్థము మారి, ఇంట్ **ప తో సమానమగును. ఇంట్ **ప అని వ్రాయుట విద్యార్థులలో తరచు కనబడు పొరపాటు. ఆ రూపము వరుసల చిరునామాలు గల జాబితాను కోరును. మన అర్రేలో చిరునామాలు లేవు. 50, 20, 5 అను విలువలే కలవు. వానినే చిరునామాలుగా భావించి వెదకబోయినచో ప్రోగ్రాము కూలిపోవుట సహజము.

వెడల్పు ముందుగా తెలియనిచో?

రేపు పట్టికలో శనగలు చేరి నాలుగవ నిలువువరుస వచ్చినచో పది ఫంక్షనులలో 3 ను దిద్దవలెను. ఒకటి మరచినను పై ప్రమాదమే. వెడల్పునకు డిఫైన్ ద్వారా ఒక పేరు పెట్టి, అన్ని చోట్ల ఆ పేరునే వాడుట మొదటి ఉపాయము. రెండవది, 1999 నాటి సి ప్రమాణము తెచ్చిన రీతి:

ఇంట్ పత్తిమొత్తము(ఇంట్ వ, ఇంట్ ని, ఇంట్ ప[వ][ని])

ఇందు వ, ని అను కొలతలు అర్రే కంటె ముందుగా రావలెను. పేరు తెలియనిదే దానిని వాడుట కుదరదు గదా. 1987 లో తొలుత వెలువడిన టర్బో సి ఈ రీతిని ఎరుగదు. సి++ ప్రమాణమునను ఇది లేదు. మూడవ ఉపాయము, మొదటనే ఒకే కొలత గల అర్రేను తీసికొని, ప[ఐ * ని + జె] అని పై సూత్రమును మనమే వ్రాయుట. ఇందు వెడల్పు తప్పినను కంపైలరు హెచ్చరింపజాలదు.

వరుసల క్రమము సైతము భాషల మధ్య ఒడంబడికయే. బెల్ లాబొరేటరీస్‌లో డెనిస్ రిచీ 1970 దశకపు తొలి సంవత్సరములలో రూపొందించిన సి భాష అడ్డువరుసలను ముందుంచును. 1957 లో ఐ.బి.ఎం. వెలువరించిన ఫోర్ట్రాను నిలువువరుసలను ముందుంచును. ఉర్దూ పుట కుడినుండియు, తెలుగు పుట ఎడమనుండియు చదువుదుము. రెండును సరియైనవే, వ్రాసినవాడును చదువువాడును ఒకే క్రమమును పాటింపవలెను, అంతే.

కావున విద్యార్థులు ఈ నియమమును కంఠస్థము చేయుటతో తృప్తి చెందరాదు. కాగితముపై నాలుగు వరుసల పట్టిక గీసి, దాని క్రింద అంకెలను ఒకే వరుసగా వ్రాసి, ఏదైన ఒక గడి చిరునామాను చేతితో కట్టి చూడుడు. పిమ్మట వెడల్పును ఒకటి పెంచి మరల కట్టి చూడుడు. రెండు లెక్కలకు గల భేదమును కనులార చూచినవారికి ఆ ఖాళీ బ్రాకెట్టు ఏల ఖాళీగా నున్నదో, దాని ప్రక్కనున్న 3 ఏల తప్పక యుండవలెనో ఎవరును మరల చెప్పనక్కరలేదు.