ఒకే శనివారం.. నాలుగు పోటీలు

అమెరికా హామ్ రేడియో పోటీల క్యాలెండర్ తిరగేస్తే మే నెల మొదటి వారాంతం దగ్గర ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. తేదీలు ఖరారు చేసేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరా? ఆరెగన్, వాషింగ్టన్, ఆరిజోనా వంటి 8 పశ్చిమ రాష్ట్రాల తరఫున జరిగే సెవెంత్ ఏరియా పోటీ, ఇండియానా పోటీ, ఈశాన్యాన న్యూ ఇంగ్లండ్ పోటీ, బుల్లి రాష్ట్రం డెలవేర్ పోటీ.. నాలుగూ అప్పుడే. ప్రభుత్వ లైసెన్సు తీసుకుని, డబ్బు ఆశించకుండా, సొంత రేడియో సెట్టు మీద ప్రపంచంతో మాట్లాడేవాళ్లు హామ్‌లు. నిర్ణీత గంటల్లో వీలైనంత మందిని పలకరించడం వాళ్ల పోటీ. ఒకరి కాల్‌సైన్ ఒకరు రాసుకుని, సిగ్నల్ ఎలా వినిపిస్తోందో, తాము ఏ కౌంటీలో (అంటే జిల్లాలో) ఉన్నామో చెప్పుకుంటే ఒక సంభాషణ పూర్తయినట్టే. సంభాషణలకు వచ్చిన పాయింట్లను, దొరికిన వేర్వేరు కౌంటీల సంఖ్యతో హెచ్చవేస్తే స్కోరు. ఇలాంటివి నాలుగు ఒకేసారి వచ్చి పడితే ఒకదాన్ని ఎంచుకుని మిగతావి వదిలేయమనడం పాత సలహా. అది తప్పు సలహా. నాలుగింటినీ కలిపి ఆడటమే సరైన ఆట. ఈ తేదీల గుద్దులాటను సరిదిద్దకుండా అలాగే ఉంచాలి కూడా.

ముందు లెక్క చూద్దాం. సెవెంత్ ఏరియా పోటీలో 259 కౌంటీలు, ఇండియానాలో 92, డెలవేర్‌లో ముచ్చటగా 3. డెలవేర్ ఒంటరిగా ఏ నవంబరులోనో పోటీ పెట్టుకుంటే మూడు కౌంటీల కోసం రోజంతా రేడియో ముందు ఎవరు కూర్చుంటారు? పక్కన మూడు పోటీలు నడుస్తుంటే మాత్రం దారిన పోయేవాళ్లంతా ఓ మాట పలకరించి వెళ్తారు. అసలు కిటుకు మరొకటుంది. ఇండియానాలోని హామ్, ఆరెగన్‌లోని హామ్‌తో ఒక్కసారి మాట్లాడితే ఆ సంభాషణ ఇండియానా పోటీలోనూ, సెవెంత్ ఏరియా పోటీలోనూ చెల్లుతుంది. అదీ ఇద్దరికీ. పలకరింపు ఒకటి, పద్దులు రెండు. వేర్వేరు వారాల్లో పెడితే ఆ ఇద్దరూ రెండుసార్లు కలవాలి, బహుశా ఒక్కసారీ కలవరు. హామ్‌లు ఎక్కువగా వాడే ఎన్‌వన్‌ఎంఎం అనే లాగింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ నాలుగింటినీ ఒకే తెరమీద రాసుకునే ఏర్పాటు ఉంది. కలిపి ఆడేవాళ్లు ఎక్కడో ఒకరిద్దరే అయితే ఆ ఏర్పాటు చేసే తీరిక ఎవరికుంటుంది? వేళలు కూడా పూర్తిగా ఒకదాని మీద ఒకటి పడవు. మన గడియారం ప్రకారం సెవెంత్ ఏరియా శనివారం సాయంత్రం 6:30కి మొదలై ఆదివారం మధ్యాహ్నం 12:30 దాకా సాగుతుంది. ఇండియానా రాత్రి 8:30కి మొదలై తెల్లారి 8:30కి ముగుస్తుంది. న్యూ ఇంగ్లండ్ అర్ధరాత్రి దాటాక 1:30కి అందుకుంటుంది. ఒకచోట సందడి తగ్గేసరికి మరోచోట మొదలవుతుంది.

ఇప్పుడు దీన్ని పెద్ద పోటీలతో పోల్చండి. అక్టోబరు చివరి వారాంతంలో మాటలతో, నవంబరు చివరి వారాంతంలో మోర్స్ కోడ్‌తో సీక్యూ వరల్డ్ వైడ్ జరుగుతుంది. ఒక్కోటీ 48 గంటలు, ఆరు బ్యాండ్లు (ఫ్రీక్వెన్సీ పట్టీలు). వేరే ఖండంతో మాట్లాడితే 3 పాయింట్లు, సొంత దేశంతో మాట్లాడితే సున్నా. అక్కడ గెలిచేది చాలావరకు ఎత్తైన టవర్లు, వాటి మీద తిరిగే యాంటెన్నాలు, చట్టం అనుమతించినంత పవరు. డాబా మీద తీగ కట్టుకుని 100 వాట్లతో పిలిచేవాడి గొంతు ఆ రొదలో కలిసిపోతుంది. మే వారాంతంలో అదే మనిషికి గిరాకీ ఉంటుంది. ఎవరూ లేని కౌంటీలో ఉంటే చాలు, అందరూ వెతుక్కుంటూ వస్తారు. కొందరు కారులో రేడియో పెట్టుకుని కౌంటీ తర్వాత కౌంటీ దాటుతూ పోతారు. సరిహద్దు దాటగానే ఆ కారు మళ్లీ కొత్త స్టేషన్ కింద లెక్క. చిన్నవాడికి విలువ తెచ్చే ఈ ఏర్పాటు నాలుగు పోటీలకూ ఉమ్మడి సొత్తు కాబట్టే అవి ఒకదానితో ఒకటి అంత సులువుగా అతుక్కుంటాయి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. నాలుగింట తల పెడితే దేనికీ న్యాయం జరగదు, తప్పులు పెరుగుతాయి, ఆ తప్పులు అవతలివాడి స్కోరునూ దెబ్బతీస్తాయి అంటారు. ఇందులో సగం నిజముంది. సెవెంత్ ఏరియాలో రాష్ట్రం ముందు, కౌంటీ తర్వాత. ఆరెగన్‌లోని డెషూట్స్ కౌంటీ అయితే ‘ఓఆర్‌డీఈఎస్’ అని పంపుతారు. న్యూ ఇంగ్లండ్‌లో వరుస తిరగబడుతుంది. మసాచుసెట్స్‌లోని మిడిల్‌సెక్స్ ‘ఎంఐడీఎంఏ’ అవుతుంది. నిద్ర కళ్లతో ఒకదాని బదులు మరొకటి కొట్టడం ఎంతసేపు? అయితే ఆ తేడాయే ఆధారం కూడా. కోడ్ చెవిన పడగానే అవతలివాడు ఏ పోటీ మనిషో తెలిసిపోతుంది, అడగక్కర్లేదు. ఇక ధ్యాస చీలిపోతుందన్న మాట. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులుంటే అవధాని ఎవరికీ న్యాయం చేయలేదని మనం అనం. అప్రస్తుత ప్రసంగి అడ్డు తగిలినా సమస్యాపూరణం ఎక్కడ ఆగిందో ఆయనకు గుర్తుండటాన్నే విద్య అంటాం. హామ్‌లలో ఆరితేరినవాళ్లు ఒంటిచేత్తో రెండు రేడియోలు నడుపుతారు. ఎడమ చెవిలో ఒకటి, కుడి చెవిలో ఒకటి. ఒకదాని మీద పిలుస్తూనే రెండోదాని మీద వింటారు. ఆ సాధనకు నాలుగు పోటీల వారాంతం కంటే మంచి గోదా లేదు. షరతు మాత్రం ఒకటి పెట్టాలి. ఏ పోటీకి ఆ పోటీ లాగ్, అంటే సంభాషణల పద్దు, విడివిడిగా, గడువులోగా పంపాలి. లాగ్ పంపనివాడితో జరిగిన సంభాషణను నిర్వాహకులు సరిపోల్చి చూసే వీలుండదు. నాలుగింట పాయింట్లు ఏరుకుని ఒక్కదానికే లాగ్ పంపేవాళ్ల మీద విమర్శ న్యాయమే.

బ్యాండ్లు ఇరుకైపోతాయనీ, పోటీ పట్టనివాళ్లకు చోటుండదనీ మరో ఫిర్యాదు. 1979 అంతర్జాతీయ సదస్సులో హామ్‌లకు దక్కిన 10, 18, 24 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో పోటీలు నడపకూడదన్న పెద్దమనుషుల ఒప్పందం ఉంది. ప్రశాంతంగా కబుర్లు చెప్పుకునేవాళ్లకు అవి ఉండనే ఉన్నాయి. పైగా నాలుగు పోటీలు నాలుగు వారాలకు విస్తరిస్తే రొద నాలుగు వారాలు ఉంటుంది. రోజంతా కుర్చీకి అతుక్కుపోతే ఇంట్లోవాళ్లు ఊరుకోరన్న సంగతికీ ఇదే సమాధానం!

ఇదంతా పాతకాలపు సరదా కాదా, కంప్యూటర్లే మాట్లాడుకుంటున్నాయిగా అనేవాళ్లూ ఉన్నారు. భౌతికశాస్త్రంలో 1993 నోబెల్ పంచుకున్న జో టేలర్, సహచరుడితో కలిసి 2017లో తెచ్చిన ఎఫ్‌టీ8 పద్ధతిలో 15 సెకన్ల వంతుల్లో సాఫ్ట్‌వేరే సందేశాలు అందుకుంటుంది. గొప్ప ఆవిష్కరణే. కానీ చెవికి పదును పెట్టదు. ఆ పదును ఎందుకు కావాలో మన హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు తెలుసు. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది. అరుదైన ఆ దీవుల నుంచి సంకేతం అందుకోవాలని ప్రపంచమంతా ఎగబడుతుంటే పోర్ట్‌బ్లెయిర్‌లో కూర్చుని జవాబులిచ్చింది. డిసెంబరు 26న సునామీ వచ్చింది. అప్పటిదాకా సరదా పలకరింపులకు వాడిన రేడియోలే దీవుల క్షేమ సమాచారాన్ని బయటికి చేరవేశాయి. ఎగబడే గొంతుల్లోంచి ఒక్కో కాల్‌సైన్ ఏరి రాసుకునే అలవాటు, ఆదుర్దాగా వచ్చిపడే సందేశాలను సర్దడానికి పనికొచ్చింది. విపత్తులో కబుర్లు వరుస కట్టి రావు కదా.

తెలుగు రాష్ట్రాల హామ్‌లకు ఈ పోటీలు దూరాభారమే. అమెరికా సంకేతాలు 14 మెగాహెర్ట్జ్‌లో మనదాకా రావడం ఆకాశం దయ. వచ్చిన నాడు ఒక్క పోటీకే చెవి ఒగ్గకండి. పది సంభాషణలే దొరికినా ఏ పోటీవి ఆ పోటీకి విడదీసి లాగ్ పంపండి. లైసెన్సు లేనివాళ్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే అమెరికా రిసీవర్లను తెరిచి, మే మొదటి శనివారం సాయంత్రం ఆరున్నర దాటాక విని చూడండి.